కంచం చూపించి లేవాలి

పోయిన వారం ఆ ఇద్దర్నీ మెట్ల మీద వదిలి వచ్చాం. సాయంత్రపు వెలుగు తగ్గుతుండగా, ఏడేళ్ల చిటికెడు తన పిన్ని చెవి దగ్గర నోరు పెట్టి ఒకే ఒక్క మాట చెప్పింది. "రేపు నా కంచంలోంచి తినకు పిన్నీ." ఎందుకని అడిగేలోపే లోపల్నుంచి నాన్నమ్మ పిలిచింది. పిల్ల తుర్రుమంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం ఇంకో నాలుగు ముక్కలు. పిన్ని పనిచేసేది అత్యవసర ఫోన్ల గదిలో. ఇల్లు అంటుకున్నవాళ్లు, బండి కింద పడ్డవాళ్లు, ఊపిరాడనివాళ్లు ఫోన్ చేస్తే అవతల వినిపించే గొంతు ఆమెది. పోయిన ఏడాది ఇవే సెలవుల్లో, ఇదే ఇంట్లో, ఇదే భోజనాల బల్ల దగ్గర ఆమె అక్క కుప్పకూలింది. ఆ ఫోను పక్క సీటుకి వెళ్లింది. పక్క సీటు అమ్మాయి చిరునామా తిరిగి చదువుతుంటే, అది తనకు తెలిసిన ఇల్లేనని పిన్నికి వెంటనే తట్టనే లేదు.

అక్కకి జీడిపప్పు, బాదం లాంటివి పడవు. వేలికొసకు అంటినంత నోట్లోకి వెళ్లినా గొంతు వాచి మూసుకుపోతుంది. ఆ రోజు జరిగింది అదేనని ఆస్పత్రివాళ్లు తేల్చారు. కానీ ఆమె కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ ఇంటి గడప లోపలికి అలాంటి గింజ ఒక్కటీ రాలేదని అందరూ ఒట్టేసి చెప్పారు. చివరికి "దారిలో ఎక్కడో ఏదో తినే ఉంటుంది" అని, తప్పంతా పోయినదాని మీదే పెట్టి ఊరుకున్నారు.

అక్క కూతురు చిటికెడు. పుట్టినప్పుడు చిటికెడంత ఉందని తాతయ్య పెట్టిన పేరు. తిండి దగ్గర ముందు నుంచీ పేచీ పిల్లే. తల్లి పోయాక మరీ పుల్లలా అయిపోయింది. సోమవారానికి బరువు పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తామని డాక్టర్ చెప్పేశాడు.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం భోజనాల వేళ.

*

ఆ ఇంటి భోజనాల బల్లకి ఒక చట్టం ఉంది. తిన్నాక కంచం ఎత్తి నాన్నమ్మకి చూపించి లేవాలి. కంచంలో ఏమీ మిగలకూడదు. నాన్నమ్మ తన ఉద్యోగమంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసింది. రిటైరయ్యాక హాస్టల్ పోయింది గానీ చట్టం ఇంటికి వచ్చేసింది.

"పెళ్లయిన కొత్తలో నా కంచానికి మార్కులు కూడా వేసేది" అన్నాడు తాతయ్య, రొట్టె తుంచుకుంటూ. లిఫ్టులు బాగుచేసే పని చేసి చేసి ఆయన వేళ్లు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. "ఇంతవరకూ పాసవలేదు. ఈ వయసులో ఇంకేం పాసవుతాను."

"మాటలు తగ్గించి క్యారెట్లు తినండి. పక్కకి తోస్తున్నారు, చూస్తూనే ఉన్నాను."

"చిత్తం వార్డెన్‌గారూ."

బల్ల మీద సూపు గిన్నె, కాల్చిన కోడి, రొట్టె, ఉడికించిన క్యారెట్లు. వెన్న వేసి మెదిపిన బంగాళాదుంప మాత్రం చిటికెడు కంచంలోకి ముందే వచ్చేసింది, గోపురంలా గుండ్రంగా.

"ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడు అమ్మాయ్" అంది నాన్నమ్మ పిన్నితో. "నా మోకాలు పొద్దున్నే మొరాయించింది. కుర్చీలోంచి లేవలేకపోయాను. మీ బావ వంటింట్లో దూరాడు."

"తలుపు గడియ పెట్టుకుని మరీ చేశాడు" అన్నాడు తాతయ్య. "బాంబేమన్నా తయారుచేస్తున్నాడేమో అనుకున్నాను. తీరా చూస్తే బంగాళాదుంపలు."

బావ నవ్వలేదు. భూములు కొలిచే సర్వేయరు ఆయన. ఎండలో తిరిగే మనిషి, ఒకప్పుడు పెద్ద గొంతుతో నవ్వేవాడు. భార్య పోయాక ఆ గొంతు ఎక్కడ పెట్టి మరిచిపోయాడో. పొద్దున పిన్నిని మెట్ల దగ్గర ఆపి ఒక మాట మాత్రం అడిగాడు.

"సూది తెచ్చుకున్నావా?"

అక్కకి పడనివే పిన్నికీ పడవు. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ ఉన్న పీడ. ఊపిరి ఆగిపోతే తొడకు పొడుచుకునే సూది ఎప్పుడూ వెంట ఉండాలి. ఈ సంగతి ఈ ఇంట్లో తెలిసింది బావ ఒక్కడికే.

"పైన గదిలో, బ్యాగులో ఉంది బావా."

"అక్కడే ఉండనీలే. ఇక్కడ దాని అవసరం ఏముంది" అని బావ కిందికి దిగిపోయాడు.

చిటికెడు తన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కంచం వైపు చూడటం లేదు. కిటికీ వైపు చూస్తోంది.

"నాన్నమ్మా, గుడ్డు" అంది నెమ్మదిగా.

"ఇవాళ గుడ్డు లేదు."

"అరటిపండు."

"బీరువాలో పెట్టి తాళం వేశాను. బిస్కెట్ ప్యాకెట్లు పక్కింటి పిల్లలకిచ్చేశాను. నారింజలు కూడా లేవు, అడగకు. ఇవాళ అందరం తినేదే నువ్వూ తింటావు." నాన్నమ్మ గొంతు గట్టిగానే మొదలైంది గానీ చివర్లో తడబడింది. ఆవిడ పిన్ని వైపు తిరిగింది. "సోమవారం దాని ముక్కులో గొట్టం దూరుస్తుంటే నేను చూడలేను అమ్మాయ్. ఎంతమంది ఆడపిల్లలకి పెట్టిన చెయ్యి ఇది. ఒక్కదాన్ని కూడా ఆకలితో పడుకోనివ్వలేదు. నా మనవరాలు పడుకుంటోంది."

తాతయ్య స్పూను తీసుకుని బంగాళాదుంప కొంచెం ఎత్తాడు.

"ఇదిగో లిఫ్టు బయల్దేరింది. ఒకటో అంతస్తు. రెండో అంతస్తు. మేడమ్, తలుపు తెరుస్తారా?"

"లిఫ్టు పాడైంది తాతయ్యా."

"నేనుండగా పాడవడమేమిటి? నా పరువేం కాను?"

"కరెంటు పోయింది" అంది చిటికెడు. పెదాలు బిగించేసింది.

తాతయ్య స్పూను మెల్లగా కంచంలో పెట్టేశాడు. ఆయన కూడా కిటికీ వైపు చూశాడు.

"ఒక్క స్పూను తల్లీ" అన్నాడు బావ. పొద్దుటి నుంచి ఆయన నోరు తెరవడం ఇది రెండోసారి. "నీ కోసం నేనే చేశాను. ఒక్కటి. ఒక్కటి తింటే చాలు."

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది. ఆపడం తెలియనట్టు.

పిన్నికి అక్క గుర్తొచ్చింది. చిన్నప్పుడు చేదు మందు తాగనని మొరాయిస్తే, అక్క ముందు తను ఓ చుక్క నాలుక మీద వేసుకుని, ముఖం వంకర్లు తిప్పి నవ్వించి, తర్వాత తాగించేది. పిన్ని చెయ్యి చాచి చిటికెడు స్పూను అందుకుంది.

"సరే, బేరం. ముందు నేను తింటాను. బాగుంటే నువ్వు. బాగోకపోతే మీ నాన్నకే పెట్టేద్దాం."

నిన్నటి మాట గుర్తుంది. కానీ పిల్లలు తమ కంచం మీదికి ఎవర్నీ రానివ్వరు, అంతేననుకుంది. ఈ ఇంట్లో ఆ గింజల జాడ లేదన్న ఒట్లు కూడా ఆమె మనసులో ఓ మూల ఉన్నాయి. బావ ఏదో అనబోయి ఆగినట్టు కనిపించింది. స్పూను పెదాల దాకా వచ్చింది.

చిటికెడు లేచి నిలబడి ఆ చేతిని కొట్టింది.

స్పూను ఎగిరి గోడకు తగిలింది. రెండో దెబ్బకి కంచం బల్ల మీంచి జారి నేల మీద ముక్కలైంది. బంగాళాదుంప తెల్లగా పరుచుకుంది.

"చూశావా" అంది నాన్నమ్మ, ఎవరితోనో తెలియకుండా. "చూశావా పెంకితనం. అన్నాన్ని నేలపాలు చేసింది."

బావ కుర్చీ తోసుకుని లేచాడు. చెయ్యి ఎత్తాడు. తాతయ్య నల్లని వేళ్లతో ఆ మణికట్టు పట్టుకుని వదల్లేదు.

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది పిన్నికి. ఆ ముఖం ఆమెకి తెలుసు. చూసి కాదు, విని. ఫోన్లో గొంతు ఒక్కోసారి అలా అయిపోతుంది. అరుపులన్నీ అయిపోయాక, ఇంకేమీ మిగలని గొంతు. ఆమె చిటికెడును ఎత్తుకుని వెనక వైపు నడిచింది.

*

ఇంటి వెనక బట్టలుతికే గది. ఓ మూల వాషింగ్ మెషీన్, దాని పక్కన ఇస్త్రీ బల్ల, తీగ మీద అందరి తువ్వాళ్లు. వెనక సందులోకి ఓ తలుపు. సబ్బు వాసన, తడి వాసన. పిన్ని పిల్లని మెషీన్ మీద కూర్చోబెట్టి తను ఎదురుగా నిలబడింది.

తలుపు కాస్త తెరుచుకుంది. తాతయ్య చెయ్యి మాత్రం లోపలికి వచ్చింది. అరచేతిలో ఉడికిన గుడ్డు, ఇంకా వేడిగా.

"టీ కెటిల్లో ఉడికించాను" అన్నాడు గొంతు తగ్గించి. "వార్డెన్‌గారికి చెప్పకండి."

చెయ్యి మాయమైంది. చిటికెడు గుడ్డును మెషీన్ అంచుకేసి కొట్టి ఒలవడం మొదలుపెట్టింది. ఎంత జాగ్రత్తగా ఒలుస్తోందంటే, పెంకు ఎక్కడైనా ముందే పగిలి ఉందేమోనని చుట్టూ తిప్పి చూసుకుని మరీ ఒలిచింది.

అప్పుడు వెలిగింది పిన్నికి.

గుడ్డు. అరటిపండు. నారింజ. ప్యాకెట్లోని బిస్కెట్లు. అన్నిటికీ పైన తొడుగు ఉంది. తను చించితే తప్ప, ఒలిస్తే తప్ప ఎవరి చెయ్యీ లోపలికి వెళ్లలేనివి. ఏడాదిగా ఈ పిల్ల తింటున్నవి అవే. దాన్ని పేచీ అనుకున్నారు ఇంటిల్లిపాదీ.

ఎందుకు అని అడగకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేర్పిన సంగతి అది. భయపడ్డ మనిషిని ఎందుకని అడిగితే నోరు మూసుకుపోతుంది. ఏం కనిపిస్తోంది, ఎవరున్నారు, తర్వాత ఏమైంది అని అడగాలి. చిన్న చిన్న ప్రశ్నలు వేయాలి.

"పోయినేడు సెలవుల్లో నీ పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారు చిటికీ?"

"అమ్మ."

"నీ కంచంలో ఏముంది?"

"తెల్లది. ఇవాళ్టిదే."

"నోట్లో పెట్టుకున్నావా?"

"కొంచెం." పెంకు ముక్క ఒకటి ఒళ్లో పడింది. "ఇసక."

"ఇసకలా ఉందా?"

"పళ్ల కింద కరకర."

"అప్పుడేం చేశావ్?"

"అమ్మ కాలు తొక్కాను."

ఎందుకని నోటిదాకా వచ్చిన మాటను పిన్ని మింగేసింది. "కాలు తొక్కితే అమ్మ ఏం చేస్తుంది?"

చిటికెడు తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "కంచం మారుస్తుంది. నాన్నమ్మ వంటింట్లోకి వెళ్తుంది కదా, సూపు తేవడానికి. అప్పటికే అమ్మ తన కంచం ఖాళీ చేసేసి ఉంటుంది. ఖాళీది నాకు. నాది అమ్మకి. అమ్మ గబగబా తినేస్తుంది. ఎప్పుడూ అంతే."

పిన్ని ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుంది.

"ఆ రోజు కూడా మార్చిందా?"

"ఊఁ."

"తర్వాత?"

"నాన్నమ్మ వచ్చింది. నేను కంచం చూపించాను. శభాష్ అంది." పిల్ల వేళ్లు ఆగిపోయాయి. "శభాష్ అన్నప్పుడే అమ్మ దగ్గింది."

సందులో ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్న చప్పుడు.

"అమ్మ నా చెవిలో చెప్పింది. ఇది మనిద్దరి గుట్టు, ఎవరికీ చెప్పకూడదు అని. నేను చెప్పలేదు పిన్నీ. నాన్నకి చెప్పలేదు. డాక్టర్ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు." మొదటిసారి ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడు నీకు చెప్పేశాను. అమ్మకి కోపం వస్తుందా?"

"రాదు. నాకు చెప్పచ్చు. నేను అమ్మ చెల్లెల్ని కదా."

"నేనే తినేసి ఉంటే అమ్మ ఉండేది."

ఎంతో మంది ప్రాణాలు పోతున్న వేళల్ని పిన్ని చెవి విన్నది. గుండె మీద ఎక్కడ నొక్కాలో, రక్తం కారుతుంటే గుడ్డ ఎలా కట్టాలో నిద్రలో అడిగినా చెబుతుంది. ఈ మాటకి ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. ఏడేళ్ల పిల్ల ఏడాది పాటు ఈ మాటను ఒక్కతే మోసింది, ప్రతి పూటా కంచం ముందు కూర్చుని.

పిన్ని వంగి పిల్ల ముఖాన్ని తన ముఖానికి ఎదురుగా పెట్టుకుంది.

"విను. ఆ ఇసక అమ్మకి పడని గింజల పొడి. అందులో ఉందని నీకెవరైనా చెప్పారా?"

"లేదు."

"అమ్మకి?"

"లేదు."

"వేసినవాళ్లు చెప్పాలి. చెప్పలేదు. అది వాళ్ల తప్పు, నీది కాదు. బల్ల దగ్గర ఇంతమంది ఉన్నారు. అందులో ఏదో ఉందని కనిపెట్టింది నీ నాలుక ఒక్కటే. ఇవాళ నా చెయ్యి కొట్టింది కూడా నువ్వే. నీ వల్లే నేను ఇలా నిలబడి మాట్లాడుతున్నాను."

చిటికెడు నమ్మిందో లేదో తెలియలేదు. ఒలిచిన గుడ్డును బొటనవేళ్లతో చీల్చి రెండు చేసింది. పచ్చసొన కాస్త ఎక్కువ ఉన్న సగాన్ని పిన్నికి చాచింది.

"ఇది నీది."

"నువ్వు తింటూ ఉండు. నేను లోపల ఒక్క మాట మాట్లాడి వస్తాను. నా సగం జాగ్రత్తగా దాచు. వచ్చి తింటాను."

"ఒట్టు?"

"ఒట్టు."

*

నాన్నమ్మ నేల మీద కూర్చుని తడి గుడ్డతో తుడుస్తోంది, మోకాలు మొరాయిస్తున్నా సరే. తాతయ్య కంచం ముక్కలు ఏరి పాత పేపర్లో వేస్తున్నాడు. బావ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

పిన్ని బల్ల మీంచి కాగితపు రుమాలు తీసుకుని, దాంతో నేల మీది బంగాళాదుంప కొంచెం పట్టుకుని నలిపింది. కాగితం మీదుగా కూడా వేళ్లకి తెలిసింది. గరగర.

"అత్తయ్యగారూ, పోయినేడు పిల్ల కంచంలో ఏం కలిపారు?"

గుడ్డ తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"కలిపారా లేదా?"

"బలం పొడి" అంది నాన్నమ్మ. "జీడిపప్పు, బాదం వేయించి దంచింది. హాస్టల్లో నీరసపు పిల్లలకి అదే కలిపి పెట్టేవాళ్లం. నెల తిరిగేసరికి బుగ్గలు వచ్చేవి. ఇదేమో గాలికి ఎగిరిపోయేలా ఉంది. చెబితే తినదు, అందుకని చెప్పలేదు."

"అక్కకి పడదని తెలుసు కదా."

"తెలుసు కాబట్టే కదమ్మా అంత జాగ్రత్త పడ్డాను." ఆవిడ తలెత్తింది. ఏడాదిగా లోపల తనకు తాను చెప్పుకుంటున్న మాటలే అయి ఉండాలి, ఒకదాని వెంట ఒకటి గబగబా వచ్చేశాయి. "వేరే ఇంట్లో దంచి తెచ్చాను. సీసా మూత బిగించి నా చీరల మధ్య పెట్టాను. దాని స్పూను వేరు. చేతులు సబ్బుతో రుద్ది కడుక్కున్నాక గానీ మీ అక్క కంచం ముట్టుకోలేదు. పిల్లకి పడుతుందని పరీక్ష కూడా చేయించారు ముందే. పిల్ల కంచంలో పిల్లకి వేశాను. మీ అక్క కంచంలో ఒక్క రవ్వ లేదు. దేవుడి మీద ఒట్టు. ఇక మీ అక్కకి నా పొడికి సంబంధమేమిటి?"

"ఆ రోజు పిల్ల కంచం ఖాళీ చేసి చూపించింది. గుర్తుందా?"

"గుర్తులేకేం. పొడి కలిపినా ఒక్క మెతుకు మిగల్చకుండా..." నాన్నమ్మ ఆగింది.

పిన్నికి ఆ మాట అనాలని లేదు. ఈ గడప తొక్కినప్పుడు ఎవరో ఒకర్ని నిలదీసి తీరాలనే వచ్చింది. తీరా ఆ మనిషి చేతిలో గుడ్డతో నేల మీద కూర్చుని ఉంది. అయినా అంది.

"మీరు శభాష్ అన్నది మా అక్క కంచానికి, అత్తయ్యగారూ. పిల్ల తినదు. మీరు కోప్పడతారని అక్క ఎప్పుడూ కంచాలు మార్చేది. పిల్లది తను తినేది. మీరు సూపు తేవడానికి వెళ్లినప్పుడు."

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

నాన్నమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. సబ్బుతో రుద్ది రుద్ది కడిగిన చేతులు.

"దగ్గింది" అంది. "నేను వెనక్కి కూడా తిరగలేదు. నీళ్లు తాగవే అన్నాను. అంతే అన్నాను." ఆవిడ చేతిలోని గుడ్డ జారిపోయింది. "ఒక్కసారి నాతో అనచ్చు కదా, అత్తయ్యా ఇది తినడం లేదు అని. నేనేం తినేస్తానా దాన్ని? అంత భయపెట్టానా నేను?"

జవాబు ఆ గదిలో అందరికీ తెలుసు. తాతయ్య పేపరు పక్కన పెట్టి వచ్చి భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. వార్డెన్‌గారూ అనలేదు. "ఏమే" అన్నాడంతే. ఆవిడ తల ఆయన భుజానికి ఆనింది.

పిన్ని వాళ్ల ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. కోపం కోసం లోపల వెతుక్కుంది. కోపం ఉండాల్సిన చోట అక్క ఉంది, చేదు మందు నాలుక మీద వేసుకుని ముఖం వంకర్లు తిప్పుతూ.

"ఇంట్లో గింజే లేదని అందరూ ఒట్టేశారు. మీరు ఏడాదిగా ఎలా దాచారు అత్తయ్యగారూ?"

"నేను దాచలేదు." నాన్నమ్మ కళ్లు తుడుచుకోలేదు. "ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలోనే మీ బావకి చెప్పాను. ఇలా పొడి ఉంది, పిల్లకి కలిపాను అని. నీ పొడికి దీనికి ఏం సంబంధం లేదమ్మా, ఎవరితోనూ అనకు, పోలీసులు నిన్ను పట్టుకుపోతారు అన్నాడు. సీసా వాడే తీసుకెళ్లాడు. పారేశానన్నాడు."

తాతయ్య తల మెల్లగా పైకి లేచింది. ఈ మాట ఆయన కూడా ఇప్పుడే వింటున్నాడు.

పిన్ని గుప్పిట్లో కాగితపు రుమాలు ఇంకా ఉంది.

"మరి ఈ పూట? దీన్లో కూడా ఉందే."

"ఈ పూట నేను కుర్చీలోంచే లేవలేదు. ఆ సీసాని మళ్లీ నా కళ్లతో చూడలేదు." నాన్నమ్మ నేల మీది తెల్లటి మరక వైపు చూసింది, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. "బంగాళాదుంపలు మెదిపింది..."

ముగ్గురూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు.

అక్కడ ఎవరూ లేరు. తెర మాత్రం కదులుతోంది.

ఇంటి వెనక సందులో బావ కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

పిన్ని పరుగెత్తింది. నడవాలో కుర్చీ ఒకటి తగిలి పడిపోయింది. తీగ మీద తువ్వాళ్లు తప్పించుకుని గదిలోకి దూరింది. సందు వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద చిటికెడు చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది. రెండోది లేదు. కారు మలుపు తిరిగిపోయింది.

వాషింగ్ మెషీన్ మీద పిల్ల లేదు, పిల్ల సగం గుడ్డూ లేదు. తినేసింది. పిన్ని సగం మాత్రం అక్కడే ఉంది. దాని మీద, ఎవరూ ఏమీ కలపలేకుండా, ఒలిచిన పెంకు ముక్కల్ని ఒక్కొక్కటే తిరిగి అమర్చి కప్పి పెట్టింది.